డిగ్రీలోనూ అంతర పంట
ఇంటర్ పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

పత్తిలో కంది సాళ్లు వేసే రైతుకు అంతర పంట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకటి దెబ్బతిన్నా రెండోది ఆదుకుంటుంది. అలాగని చేతికందిన విత్తనమల్లా చల్లితే ఏదీ పండదు. ఒకే డిగ్రీలో పలు శాస్త్రాలు కలిపి చదివే పద్ధతి కూడా ఇలాంటిదే.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పల్లెల్లో చదువంటే కంప్యూటర్ ఇంజినీరింగే అన్నట్లయింది. దానికోసం పొలం అమ్ముకున్న వాళ్లూ ఉన్నారు. అయితే ఆ హైటెక్ సిటీకి దగ్గర్లోనే, గచ్చిబౌలిలో, 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల ఎమ్మెస్సీ కోర్సులు అక్కడ ఉన్నాయి. సిస్టమ్స్ బయాలజీలో జీవశాస్త్రానికి గణితం, కంప్యూటర్ తోడవుతాయి. భూగర్భ జలాలపై ఆసక్తి ఉన్నవారికి అప్లైడ్ జియాలజీ ఉంది. ప్రవేశానికి సీయూఈటీ పరీక్ష రాయాలి. సీట్లు కొద్ది, పోటీ హెచ్చు.

క్రెడిట్లు అంటే?

యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం ఒక సెమిస్టర్‌లో 15 గంటల పాఠానికి ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. అందులో కనీసం 60 ప్రధాన శాస్త్రానివి, 24 తోడు శాస్త్రానివి. మిగతావి భాష, నైపుణ్యం వగైరా. నాలుగేళ్లు చదివితే 160 క్రెడిట్లతో ఆనర్స్.

ఏడాదికే ఆపితే 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్లకు ఆపితే 80తో డిప్లొమా ఇస్తారు. అయితే వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేసి ఉండాలి. మానేసినవారు మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు. పంట పోయిన ఏడు చదువు ఆపుకోవలసి వచ్చిన ఇంటికి ఇది పెద్ద ఊరట.

ఈ జాగ్రత్తలు పాటించండి

* ఈ విధానం అన్ని కళాశాలల్లో ఒకే తీరుగా లేదు. మధ్యలో ఆపితే ఏమిస్తారో, తిరిగి చేర్చుకుంటారో లేదో చేరేముందే అడగాలి.

* తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. ఆప్షన్లు పెట్టేముందు సబ్జెక్టుల జాబితా చూసుకోండి. ఎమ్మెస్సీలో చేరాలంటే సాధారణంగా ఆ సబ్జెక్టు డిగ్రీలో చదివి ఉండాలి.

* వృక్షశాస్త్రం ఉన్నంత మాత్రాన అది వ్యవసాయ డిగ్రీ కాదు. వ్యవసాయ విస్తరణాధికారి కొలువుకు వ్యవసాయ డిగ్రీయో, డిప్లొమాయో అడుగుతారు. ఆ ఉద్యోగమే కావాలనుకుంటే దారి వేరు.

ముందు ప్రధాన శాస్త్రం ఏదో అబ్బాయి లేదా అమ్మాయి ఇష్టాన్ని బట్టి తేల్చుకోవాలి. దానికి పనికొచ్చేదే తోడుగా తీసుకోవాలి. పక్కింటి వాళ్లు తీసుకున్నారని తీసుకోవద్దు. విత్తనం కొనేముందు సంచి మీది చీటీ చదువుతాం కదా, మూడేళ్ల చదువుకూ అంతే.