గర్భిణి కిడ్నీల ఉప్పు లెక్క

కడుపుతో ఉన్న కోడలి పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బితే చాలు, వరంగల్ ఇళ్లలో పెద్దవాళ్ల నోట వచ్చే మాట: "ఉప్పు బంద్ పెట్టు బిడ్డా." ప్రేమతో చెప్పే మాటే. కానీ అప్పటికే ఆమె కిడ్నీలు ఆ ఉప్పును కూడబెట్టే పనిలో ఉంటాయి.

మామూలు రోజుల్లోనే మన కిడ్నీలు రోజుకు కిలోకు పైగా ఉప్పును రక్తం నుంచి వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి లాగేస్తాయి. గర్భం దాల్చిన కొద్ది వారాల్లోనే వడపోత పెరగడం మొదలై, సుమారు సగం మేర ఎక్కువవుతుంది. వడపోతతో పాటు తిరిగి లాక్కునే పనీ పెరగాలి. లేకపోతే ఒక్కరోజులోనే తల్లి ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీలు ఆ పని చేయడమే కాదు, తొమ్మిది నెలల్లో సుమారు 50 గ్రాముల ఉప్పుకు సరిపడా సోడియాన్ని అదనంగా దాచిపెడతాయి. పెరిగే బిడ్డకు, ఉమ్మనీటికి, లీటరుకు పైగా పెరిగే తల్లి రక్తానికి అది కావాలి.

అయినా రక్తపరీక్షలో సోడియం తగ్గినట్టే కనిపిస్తుంది. 140 ఉండాల్సింది 135 దగ్గరికి వస్తుంది. రిలాక్సిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో దాహం త్వరగా వేస్తుంది, ఉప్పుకన్నా నీరు ఎక్కువ నిలుస్తుంది. అంటే సోడియం పోలేదు, పలచబడింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది పొటాషియం. సోడియాన్ని నిలిపే ఆల్డోస్టిరోన్ హార్మోన్ ఈ నెలల్లో ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది పెరిగితే పొటాషియం మూత్రంలో పోవాలి. పోదు సరికదా, బిడ్డ కోసం నిల్వ కూడా అవుతుంది. గర్భాన్ని కాపాడే ప్రొజెస్టిరోనే కిడ్నీలో ఆల్డోస్టిరోన్‌కు అడ్డుపడటం దీనికి ఒక ముఖ్య కారణం.

కాల్షియం తీరు వేరు. పేగు రెట్టింపు పీల్చుకుంటుంది, మూత్రంలోనూ ఎక్కువే పోతుంది. మన తిండిలో కాల్షియం తక్కువ కాబట్టే ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి ఆ మాత్రలు ఇస్తారు. బి.పి. పెరిగే ముప్పును కూడా అవి తగ్గిస్తాయి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకూడదు.

వరంగల్ సి.కె.ఎం. ప్రసూతి ఆసుపత్రికి వెళ్లినా, ఊరి పి.హెచ్.సి.కి వెళ్లినా రిపోర్టు మీద ఒకటి గుర్తుంచుకోవాలి. ల్యాబు కాగితాల మీద అచ్చయ్యే ‘నార్మల్’ హద్దులు సాధారణంగా గర్భిణుల కోసం వేసినవి కావు. వడపోత పెరగడం వల్ల గర్భిణి రక్తంలో, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ 0.5 దగ్గరికి దిగాలి. 0.9 ఉంటే కాగితం బాగుందంటుంది, డాక్టరు మాత్రం ఆరా తీయాలి.

ఉప్పు మానేస్తే గుర్రపు వాతం (గర్భిణికి బి.పి. పెరిగి ఫిట్స్ రావడం) రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందుకోసం ఉప్పు తగ్గించమని చెప్పడం లేదు. చెమటలు కారే మే నెలలో ఉప్పు పూర్తిగా మానిపించడం అసలే తగదు. అలాగని ఊరగాయలు ఎక్కువగా తినమని కాదు, రోజూ తినే కూరలో ఉప్పు ఉండనివ్వండి. ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా ఇంటి వైద్యం వద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి బి.పి., మూత్రం పరీక్ష చేయించండి.