చెంపలో షాకు కొడితే ముందు పన్ను పీకించుకోకండి

కోరుట్లలో దవడ నొస్తే ఎవరైనా ముందు పండ్ల డాక్టర్ దగ్గరికే పోతారు. పోవాల్సిందే, ఎందుకంటే ముఖంలో వచ్చే నొప్పుల్లో ఎక్కువ వాటికి పండ్లే కారణం. అయితే పంటిలోనే పుట్టినట్టు అనిపించి, పంటితో ఏ సంబంధమూ లేని నొప్పి ఒకటుంది. దానికి ఒక పన్ను పీకించుకుని, తగ్గలేదని పక్కదీ పీకించుకుని, ఆ తర్వాత కూడా అదే నొప్పితో మిగిలిపోయినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. యాభై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

దాని పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. మెదడు అడుగు భాగం నుంచి ముఖానికి వచ్చే ఐదో నరం మూడు పాయలుగా చీలుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి చెంపకూ పై దవడకూ, ఒకటి కింది దవడకూ వెళ్తాయి. పండ్ల నొప్పిని మెదడుకు చేరవేసేదీ ఈ నరమే కాబట్టి, నరంలో తేడా వస్తే మనకు పన్ను నొచ్చినట్టే తెలుస్తుంది. చాలామందిలో, మెదడు నుంచి నరం బయటికి వచ్చే చోట ఒక రక్తనాళం దాన్ని ఆనుకుని కొట్టుకుంటూ ఉంటుంది. కరెంటు వైరు మీది తొడుగు అరిగినట్టు, నరం మీది పొర అక్కడ అరిగిపోతుంది. అప్పుడు మామూలు స్పర్శ కూడా షాకులా తగులుతుంది.

ఈ నొప్పిని గుర్తుపట్టడానికి అన్నిటికన్నా పనికొచ్చేది రోగి చెప్పే మాటే. ముఖానికి ఒక పక్కనే వస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు ఉండి పోతుంది, మళ్లీ కొడుతుంది. మొహం కడిగినా, పండ్లు తోమినా, బుక్క నమిలినా, బస్సు కిటికీలోంచి గాలి తగిలినా మొదలవుతుంది. అందుకే కొందరు తిండి తగ్గించేస్తారు, ఆ పక్క మొహానికి చెయ్యి తగలనివ్వరు. పన్ను పుచ్చితే వచ్చే నొప్పి తీరు వేరు. అది గంటల తరబడి గుంజుతుంది, పడుకుంటే పెరుగుతుంది, చల్లనిదో వేడిదో తగిలాక చాలాసేపు నిలుస్తుంది. ఎక్స్‌రేలో పన్ను బాగానే ఉందని డాక్టర్ చెప్పినా, 'ఎందుకైనా మంచిది, తీసెయ్యండి' అని రోగే బతిమాలడం కద్దు. ఆ మాట అనబోయే ముందు ఒకసారి న్యూరాలజిస్ట్‌ను కలవాలి.

ఆయన ఎం.ఆర్.ఐ. రాస్తారు. రక్తనాళం ఒత్తిడిని చూడటానికీ, గడ్డ లాంటిది ఏదీ లేదని నిర్ధారించుకోవడానికీ అది అవసరం. మందు కార్బమజెపిన్. 1962 నుంచి ఈ జబ్బుకు వాడుతున్నారు, ఇప్పటికీ మొదటి వరుసలో ఉన్నది అదే. ఖరీదు తక్కువ. మూర్ఛకూ ఇదే ఇస్తారు. 'ఇది ఫిట్స్ గోలీ కదా, మీకెందుకు?' అని ఎవరో అన్నారని మధ్యలో మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మత్తు, తూలు ఉండొచ్చు. ఒంటి మీద దద్దు లేచినా, నోట్లో పుండ్లు పడినా మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, అది ప్రాణం మీదికి తేగల రియాక్షన్ కావచ్చు. రక్తంలో సోడియం కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. మందులకు లొంగకపోతే ఆపరేషన్ ఉంది. నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న టెఫ్లాన్ ముక్క పెట్టి వాటిని విడదీస్తారు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన పీటర్ జానెట్టా బృందం అమెరికాలో 1,185 మందిని గమనించి 1996లో ఫలితాలు ప్రచురించింది. పదేళ్ల తర్వాత కూడా వాళ్లలో 70 శాతం మంది మందుల్లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు.

ఇక తలనొప్పి సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్లలో పొద్దంతా చాట ముందు మెడ వంచుకుని, తంబాకు ఘాటు పీలుస్తూ బీడీలు చుట్టే ఆడవాళ్లకు తలనొప్పి లెక్కలోకి రాదు. వెయ్యి బీడీల లెక్క తప్పకూడదు కాబట్టి ఒక గోలీ వేసుకుని కూర్చుంటారు. సిరిసిల్లలో రాత్రి పాళీ సాంచాలు నడిపేవాళ్లదీ అదే దారి, నిద్ర చెడితే మైగ్రేన్ లేస్తుంది. కర్ణాటకలో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వేలో ఏడాది కాలంలో నలుగురిలో ఒకరికి మైగ్రేన్ ఉన్నట్టు తేలింది. ఒక పక్క దడదడా కొట్టుకోవడం, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం, నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండటం దీని లక్షణాలు. దీన్నే చాలామంది ఏళ్ల తరబడి 'సైనస్' అనుకుంటారు.

ఇక్కడొక ఉచ్చు ఉంది. పారాసెటమాల్ లాంటి మామూలు గోలీ నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన గోలీ అయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటిందంటే ఆ గోలీయే రోజూ తలనొప్పి తెప్పించడం మొదలుపెడుతుంది. ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంటే ఆ పూట గడుస్తుంది, ఉచ్చు ఇంకా బిగుస్తుంది. పైగా కిడ్నీల మీద భారం పడుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో ఆ గోలీలు మాన్పించి, తలనొప్పి రాకుండా ఆపే మందు వేరే ఇవ్వాలి. ప్రొప్రనోలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఇందుకే. వాటి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వారానికే తగ్గలేదని మానేస్తే మందు తప్పు కాదు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, ప్రొప్రనోలాల్ పడదు.

ఒక్క క్షణం కూడా ఆగకూడని తలనొప్పులున్నాయి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చింది, జ్వరంతో మెడ బిగుసుకుంది, చెయ్యో కాలో మాటో పడిపోయింది, ఫిట్స్ వచ్చాయి, చూపు మసకబారింది, యాభై దాటాక కొత్తగా మొదలైంది. వీటితో పాటు బాలింత తలనొప్పిని నేను ప్రత్యేకంగా చెబుతాను. కాన్పు తర్వాత మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ తాగించొద్దనే అలవాటు ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఇలా సిరల్లో గడ్డకట్టిన 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. వాళ్లలో దాదాపు 88 శాతం మందికి తలనొప్పి ఉంది, సగానికి పైగా మగవాళ్లే. అంటే ఇది బాలింతల జబ్బు మాత్రమే అనుకోవడానికీ లేదు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మొదటి పరీక్షకు నేరుగా హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు. అక్కడి జనరల్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించి, అవసరమైతే న్యూరాలజిస్ట్‌కు చీటీ రాయించుకోవచ్చు. పోయే ముందు నెల రోజులు ఇంట్లో క్యాలెండర్ మీదే రాసిపెట్టండి: ఏ రోజు నొప్పి వచ్చింది, ఎక్కడ, ఎంతసేపు, ఏ గోలీ ఎన్ని వేసుకున్నారు, ఆడవాళ్లయితే నెలసరి ఎప్పుడు. ఆ క్యాలెండర్ కాగితాన్ని, వాడిన గోలీల ఖాళీ పట్టీలను, తీయించిన స్కాన్లను ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టర్ స్కాన్ చూడబోతే, ముందు ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.