కారు వెనుక చక్రపు చప్పుడు: కారణాన్వేషణము

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిదప, ఎడమ కాలువ క్రింద రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి ప్రాంతములలో ఆంధ్ర రైతుల క్యాంపులు వెలసినవి. అచటి నల్లరేగడి దారులు వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. అట్టి దారులలో తిరుగు కారు వెనుక చక్రము వద్ద 'టక్ టక్' మను చప్పుడు పుట్టినచో, అది ఎప్పుడు పుట్టుచున్నదో ముందు గమనింపవలెను. గుంతలో పడినపుడే మ్రోగినయెడల దోషము కమాను బుష్షులలోనో, షాక్ అబ్సార్బరులోనో ఉండును.

బండి వేగముతో హెచ్చి తగ్గు చప్పుడు మాత్రము ఉపేక్షింపరానిది. చక్రపు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు; గంటకు 30 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు నాలుగు చుట్లు తిరుగును. చప్పుడును ఆ లెక్కనే వచ్చుచున్నచో టైరు గాడిలో ఇరుకుకొన్న కంకరరాయి కావచ్చును. (అంతమాత్రమే అయినచో యజమాని అదృష్టవంతుడు.) రాయి లేనిచో నట్లను పరీక్షింపవలెను. పంక్చరు వేయించిన పిదప వానిని అరకొరగా బిగించి పంపుట తరచు జరుగునదే. వదులు నట్లు రిమ్ము రంధ్రములను కోలగా అరగదీయును. తుదకు బోల్టులు తెగి చక్రమే ఊడిపోవును. కావున నట్లను ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల బిగింపవలెను.

నట్లు గట్టిగానే ఉన్నచో, ముందు చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, బండిని జాకీతో ఎత్తి, చక్రమును పైనను క్రిందను పట్టి ఊపవలెను. స్పష్టముగా కదలినచో బేరింగు అరిగినదని అనుమానింపవలెను. అట్టి బండిని నడుపక, మరమ్మతుశాలకు లాగించుకొని పోవలెను.