వకీలుపై ఫిర్యాదు: ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు?

సంఘము లెక్క చూపని కార్యదర్శిని సర్వసభ్య సమావేశమున నిలదీయుట మన సభ్యులకు క్రొత్త గాదు. కాని మన వ్యాజ్యము నడపు వకీలు లెక్క చూపకున్నచో ఎవరి నడుగవలెనో పెక్కుమందికి తెలియదు. "పెద్దలతో మనకేల" యని కొందరు ఊరకుందురు. మరికొందరు రచ్చబండ కడ తిట్టి తృప్తిపడుదురు. ఈ రెండును రైతునకు నష్టమే.

మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతములలో ఈ సంగతి తెలిసియుండుట మిక్కిలి యవసరము. సాగరు ఎడమకాలువ త్రవ్వకము, సిమెంటు కర్మాగారములు, పులిచింతల ముంపు, వీనివలన భూములు చేతులు మారినవి. నష్టపరిహారపు వ్యవహారములు, గట్టు తగవులు, అన్నదమ్ముల పంపకములు హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట కోర్టులకు రైతులను నడిపించుచునే యున్నవి. కోర్టునుండి వచ్చు సొమ్ము వకీలు చేతిమీదుగా వచ్చుట కలదు. చిక్కు పుట్టునది సాధారణముగా నచ్చటనే.

ఇందుకు ఆంధ్రదేశమందు జరిగిన యొక వ్యాజ్యమే నిదర్శనము. కొందరు రైతులు ఒక భూమికై దావా వేసిరి. దావా నడుచుచుండగా ఆ భూమిలోని పైరు అమ్మిన సొమ్ము కోర్టులో జమ చేయబడెను. తుదకు రైతులు గెలిచిరి. వారి వకీలు 1954లో కోర్టునుండి 1,452 రూపాయల 4 అణాలు తీసికొనెను గాని, ఆ సొమ్ము తమకు ముట్టలేదని రైతులు ఫిర్యాదు చేసిరి. హైకోర్టు ఆ వకీలును 5 సంవత్సరములు వృత్తినుండి నిలిపివేసెను. ఆయన సుప్రీంకోర్టునకు పోయి, ఇది నేరారోపణ గనుక ముందుగా క్రిమినలు కోర్టులోనే తేలవలెనని వాదించెను. సుప్రీంకోర్టు 1963లో ఆ వాదమును త్రోసిపుచ్చి శిక్షను స్థిరపరచెను. ఒకడు నేరస్థుడా కాదా యనునది వేరు. వకీలుగా నుండుటకు తగునా తగడా యనునది వేరు. ఫిర్యాదు విచారణ ఈ రెండవ ప్రశ్నకే సమాధానము చెప్పును. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

కాబట్టి ఏది దుష్ప్రవర్తనయో మొదట తెలిసికొనవలెను. వ్యాజ్యము ఓడిపోవుట దుష్ప్రవర్తన గాదు. రెండు పక్షములకును వకీళ్లుందురు. ఒకరు ఓడక తప్పదు. మంచి మనస్సుతో ఇచ్చిన సలహా తప్పిపోయినను అంతమాత్రమున అది దోషము గాదు. కక్షిదారుని సొమ్ము దాచుట, ఎదిరిపక్షముతో లోపాయికారిగా చేతులు కలుపుట, దొంగపత్రములు సృష్టించుట, ఫీజు పుచ్చుకొని దావాయే వేయక వేసితినని చెప్పుట దుష్ప్రవర్తనలు.

సొమ్ము విషయమున భారత బార్ కౌన్సిల్ నియమములు స్పష్టముగా నున్నవి. కక్షిదారుని సొమ్మునకు వకీలు లెక్క వ్రాసియుంచవలెను. కక్షిదారుని కొరకు ఏదేని సొమ్ము వచ్చినచో ఆ సంగతి వీలైనంత త్వరగా తెలుపవలెను. అడిగినచో లెక్క నకలు ఇయ్యవలెను. వ్యవహారము ముగిసిన పిమ్మట తనకు రావలసిన ఫీజు మినహాయించుకొనవచ్చును గాని మిగిలినది తిరిగి యిచ్చి తీరవలెను. "గెలిచిన సొమ్ములో ఇంత పాలు నాకు" అను ఒప్పందము నిషిద్ధము. పరిహారపు వ్యవహారములలో ఇట్టి మాట విన్న రైతు అది చెల్లని ఒప్పందమని తెలిసికొనవలెను. ఫీజు బాకీ యున్నదని కాగితములను బిగబట్టుటకును వకీలునకు హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పినది.

ఇక ఫిర్యాదు ఎక్కడ చేయవలెను? కోర్టు ఆవరణలోని న్యాయవాదుల సంఘము వేరు, బార్ కౌన్సిల్ వేరు. స్థానిక సంఘపు అధ్యక్షుడు మంచిమాట చెప్పి సర్దుబాటు చేయవచ్చును గాని సన్నదును తొలగించు అధికారము ఆయనకు లేదు. ఆ అధికారము 1961 నాటి అడ్వకేట్ల చట్టము ప్రకారము హైదరాబాదునందలి తెలంగాణ రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. అర్జీ తెలుగులోనే వ్రాయవచ్చును. వ్రాసినది నిజమని క్రింద ధ్రువపరచి సంతకము చేసి, నిర్ణీతమైన రుసుము చెల్లించవలెను. ఆకాశరామన్న యుత్తరములతో పని జరుగదు. ఏ కోర్టు, ఏ నంబరు దావా, ఏ తేదీన ఎంత సొమ్ము, ఎవరి యెదుట ఇచ్చితిరి, ఇవి వరుసగా వ్రాయుడు. తిట్లు వ్రాయకుడు. తిట్టు రుజువు గాదు; రసీదు రుజువు.

కౌన్సిల్‌కు ఫిర్యాదు నమ్మదగినదిగా తోచినచో ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘమునకు పంపును. ఆ సంఘము సివిలు కోర్టువలె సాక్షులను పిలిపింపగలదు, పత్రములను తెప్పింపగలదు. వకీలునకు నోటీసు ఇచ్చి ఆయన చెప్పునది విని తీరవలెను. మన సంఘములో నైనను సభ్యుని మాట వినక తొలగించుట న్యాయము గాదు గదా! విచారణానంతరము ఫిర్యాదును కొట్టివేయవచ్చును, వకీలును మందలింపవచ్చును, కొంతకాలము వృత్తినుండి నిలిపివేయవచ్చును, లేదా పట్టికనుండి పేరు తొలగింపవచ్చును. ఫిర్యాదు అందిన 1 సంవత్సరములోపల తేలకున్నచో అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ యగును. తీర్పుతో తృప్తిపడనివారు 60 దినములలోపల ఆ కౌన్సిల్‌కును, అటుపిమ్మట మరల 60 దినములలోపల సుప్రీంకోర్టునకును అప్పీలు చేసికొనవచ్చును. మధ్యలో ఇరువురును రాజీపడినంత మాత్రమున విచారణ ఆగిపోదు. ఏలయన అది ఇద్దరి తగవు మాత్రమే గాదు. వృత్తి గౌరవమునకు సంబంధించినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ విచారణ ముఖ్యముగా శిక్ష విధించునది గాని సొమ్ము వసూలు చేసిపెట్టునది గాదు. సొమ్మునకు సివిలు దావా వేయవలెను. నమ్మకద్రోహమునకు పోలీసు ఫిర్యాదు చేయవలెను. దావాకు కాలపరిమితి కలదు గనుక బార్ కౌన్సిల్ తీర్పు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. వకీలు సేవాలోపమునకై వినియోగదారుల కమిషనుకు పోవు దారి లేదని సుప్రీంకోర్టు 2024లో నిర్ణయించినది. వైద్యుల విషయమున మాత్రము ఆ దారి 1995 తీర్పు మొదలు తెరచియే యున్నది.

అబద్ధపు ఫిర్యాదు పాముకాటు వంటిది. నిజాయితీగల వకీలు పేరు ఒక పుకారుతో చెడిపోగలదు. పల్లెటూరి కేసులు ధైర్యముగా పట్టువారు తగ్గిపోగలరు. కావుననే రుజువు గట్టిగా నుండవలెనని న్యాయస్థానములు కోరుచున్నవి.

రుజువు పుట్టునది తగవు వచ్చిననాడు గాదు, వకాలత్నామాపై సంతకము చేసిననాడు. ఆనాటినుండి సభ్యులు ఈ నాలుగు పనులు చేయుదురు గాక:

1. ఫీజు ఎంతయో కాగితముమీద వ్రాయించుకొనుడు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పొందుడు. సాధ్యమైనచో బ్యాంకు ద్వారా చెల్లించుడు.

2. ఖాళీ కాగితములమీద సంతకముగాని వ్రేలిముద్రగాని వేయకుడు. చదువురానివారు నమ్మకమైన మనుష్యునిచే చదివించుకొనుడు.

3. అసలు పత్రములు ఇచ్చునపుడు జాబితా వ్రాసి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొనుడు. నకళ్లు ఇంట నుంచుకొనుడు.

4. దావా నంబరు తెలిసికొని, వాయిదాలను, కోర్టులో సొమ్ము జమయైనదా యను సంగతిని స్వయముగా విచారించుకొనుడు.

స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, 1987 నాటి చట్టములో చెప్పబడిన ఇతరులకు న్యాయసేవాధికార సంస్థలు ఉచితముగా వకీలు నిచ్చును; ఫిర్యాదు చేయు మార్గమును అచ్చట అడిగి తెలిసికొనవచ్చును. మంచి వకీలు లెక్క అడిగినందుకు కోపింపడు. మన సంఘములో లెక్క అడుగుట ఎట్లు సభ్యుని హక్కో, వకీలును లెక్క అడుగుట కక్షిదారునకు అట్టి హక్కే.