పక్షవాతము తరువాతి దినచర్య

పక్షవాతము సోకినవారు ఆసుపత్రి నుండి ఇల్లు చేరగానే, గండము గడచినదని బంధువు లందఱును సంతసింతురు. కాని చికిత్సలో దీర్ఘమైన భాగము ఇంటనే ఆరంభమగును. దానికి మందులతో పాటు ఓర్పును కావలెను.

మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము గడ్డచేత మూసికొనిపోయినను, చిట్లినను, అచ్చటి కణములు నశించును. మెదడులోని ఎడమ భాగము శరీరమునకు కుడి వైపును, కుడి భాగము ఎడమ వైపును నడపుచుండును. మాటకు ఆధారమైన స్థానము చాలమందిలో ఎడమ భాగముననే కలదని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1865లో ప్రకటించెను. కనుకనే కుడిచేయి పడిపోయిన వారికి తఱచుగా మాటయు తడబడును. నశించిన కణముల పనిని మిగిలిన కణములు అభ్యాసముచే కొంతవఱకు నేర్చుకొనును. మొదటి 3 నెలలలో ఈ మార్పు వేగముగా సాగును. పిమ్మట మందగించినను ఆగిపోదు.

మన యిండ్లలో కుడిచేయి పడిపోవుట యనగా అన్నము కలుపుకొను చేయి పోవుటయే. ఎడమచేత తినుటకు సిగ్గుపడి పెద్దలు పంక్తిలో కూర్చుండుట మానివేయుదురు. అట్టివారికి లావుపాటి పిడిగల చెంచాను, అంచుగల పళ్ళెమును అమర్చి, "నాన్నగారూ, మాతోనే భోంచేయండి" అని పిలువవలెను. మ్రింగుట కష్టమైనచో పలుచని నీరే ఎక్కువ ప్రమాదము. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, వైద్యుడు చెప్పినంత చిక్కదనముతో కొద్దికొద్దిగా ఇయ్యవలెను.

చొక్కా తొడుగునపుడు బలహీనమైన చేయి ముందు, విప్పునపుడు అది చివర. లేవదీయుటకై ఆ చేతిని పట్టి లాగరాదు, భుజపుకీలు చెడును. చేతికఱ్ఱ బలమున్న చేత నుండవలెను. మెట్లెక్కునపుడు మంచికాలు, దిగునపుడు బలహీనమైన కాలు ముందు పెట్టవలెను. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్మియు, మరుగుదొడ్డిలో కుర్చీయు అవసరము. అయితే రోగి తాను చేసికొనగల పనిని మనము చేసిపెట్టుట దయ కాదు. ఆలస్యమైనను గుండీ ఆయననే పెట్టుకొననీయవలెను.

మాట రానివాడు మతి లేనివాడు కాడు. ఆయన యెదుటనే ఆయనను గూర్చి ఇతరులతో చర్చింపరాదు. అవును, కాదు అను జవాబుతో తేలు ప్రశ్న వేసి, జవాబునకు వేచియుండవలెను. ఇంటి వ్యవహారములలో ఆయన అభిప్రాయ మడుగుట మానరాదు. ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి తీవ్రమైన దిగులు కలుగును. అది మొండితనము కాదు, చికిత్సకు లొంగు వ్యాధి. రాత్రింబవళ్ళు సేవచేయు ఇల్లాలికిని విశ్రాంతి కావలెను. కొడుకులు, కోడండ్రు వంతులు వేసికొనుట మేలు.

ఈ వ్యాధి మరల రావచ్చును. రక్తపుపోటు మందు ఒంట్లో బాగున్నదని మానరాదు. దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదు, ఊరగాయ తగ్గింపవలెను, చుట్ట, బీడీ విడువవలెను. ముఖము వంకరపోయినను, చేయి వాలినను, మాట ముద్దయైనను తక్షణమే 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలసి యుండును. పావురము నెత్తురు రాచుచు కూర్చుండినచో ఆ గడియలు తిరిగి రావు.