ఆధారాల పట్టికపై అంత పట్టుదల ఎందుకు?

పసిపిల్లలకు వేసే బీసీజీ టీకా క్షయను ఎంతవరకు ఆపగలదు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1994లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఒక విశ్లేషణ ప్రచురించింది. అంతకుముందు రకరకాల దేశాల్లో జరిగిన టీకా పరీక్షలను ఒకచోట చేర్చి లెక్కగట్టిన వ్యాసమది. అందులో మన మదనపల్లె ఉంది. టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చినట్టు మదనపల్లె లెక్కలు చెబుతున్నాయి. ఎక్కడో చిత్తూరు సీమలోని పల్లెల్లో దొరికిన ఈ నాలుగు అంకెలు అన్నేళ్ల తర్వాత అమెరికా పరిశోధకుల చేతికి అందాయంటే కారణం ఒక్కటే. రాసినవాళ్ల పేర్లు, సంవత్సరం, పత్రిక, సంపుటి, పుటలు అందరికీ తెలిసిన పద్ధతిలో నమోదై ఉన్నాయి. పరిశోధన వ్యాసాన్ని ఇలాగే రాయాలి, ఆధారాలను ఈ వరుసలోనే ఇవ్వాలి అన్న నియమాలను మన విద్యార్థుల్లో చాలామంది వట్టి తతంగంగా చూస్తారు. నిజానికి అవి పాఠకుడికి దక్కిన తనిఖీ హక్కు. ఆధారాన్ని వెతికి పట్టుకోవడానికి తోడ్పడే నియమాల్లో పట్టు సడలకూడదు. కంటికి ఇంపుగా ఉండడం కోసం పెట్టిన నియమాలతో మాత్రం విద్యార్థిని వేధించకూడదు. ఈ రెంటికీ మధ్య తేడా తెలియకపోవడమే ఇవాళ్టి చిక్కు.

మదనపల్లె ఉదాహరణనే దగ్గరగా చూద్దాం. పట్టణం పక్కనున్న ఆరోగ్యవరం శానటోరియం 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద పెద్ద అధ్యయనం నడిపింది. దాని మొదటి సమగ్ర నివేదిక ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లో, 22వ సంపుటిలో, 61 నుంచి 170 పుటల వరకు అచ్చయింది. టీకా ఫలితాల మీద అదే బులెటిన్ 30వ సంపుటిలో 1964లో ఒక వ్యాసం వచ్చింది. 1973లో అంతర్జాతీయ క్షయ నివారణ సంఘం బులెటిన్ 48వ సంపుటిలో, 40 నుంచి 52 పుటల్లో మరో నివేదిక వెలువడింది. పైన చెప్పిన అంకెలు ఈ చివరి నివేదికవి. ఎవరైనా తమ సిద్ధాంత గ్రంథంలో ‘మదనపల్లె అధ్యయనం ప్రకారం’ అని రాసి ఊరుకుంటే, ఈ మూడింటిలో ఏది చూసుకోవాలి? పేరు దగ్గరా ఇదే ఇబ్బంది. శానటోరియాన్ని నెలకొల్పిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, తర్వాత ఈ అధ్యయనం నడిపిన డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మోలర్, ఇద్దరికీ ఇంటిపేరు ఒక్కటే. ఇంటిపేరు పక్కన ఒక్క పొడి అక్షరం వదిలేస్తే ఒకరు చేసిన పని మరొకరి ఖాతాలో పడుతుంది. ఆ అక్షరం, ఆ సంవత్సరం, ఆ పుటల సంఖ్య దేనికదే అవసరమైనవి.

అసలు వ్యాసం దాకా వెళ్లగలిగితే ఏం ఒరుగుతుందో కూడా ఈ ఉదాహరణే చెబుతుంది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన ఇంకా పెద్ద పరీక్షలో టీకా వేసిన 88,391 మందిలో 505 మందికి, వేయని అంతేమందిలో 499 మందికి క్షయ వచ్చింది. అంటే టీకా వల్ల లాభం కనిపించలేదు. మదనపల్లెలో కొద్దిగా కనిపించింది, శీతల దేశాల్లో కొన్నిచోట్ల బాగా కనిపించింది. ఇంత తేడా ఎందుకని అడిగేవాడు ఒక్కో నివేదికా తెరిచి, ఎవరికి టీకా వేయాలో ఎలా నిర్ణయించారో, ఎన్నేళ్లు గమనించారో చూడాల్సిందే. మదనపల్లెలో ఒకరిని విడిచి ఒకరికి వేశారన్న సంగతి ముఖ్యమైనది. అది ఆ నివేదిక చదివితేనే తెలుస్తుంది. ఆధారం దొరకని అంకె ఎంత పెద్దదైనా చర్చకు నిలవదు.

ప్రపంచంలో ఇప్పుడు చెలామణీలో ఉన్న పద్ధతులన్నీ ఈ అవసరంలోంచి పుట్టినవే. అమెరికా మానసిక శాస్త్రజ్ఞుల సంఘం పద్ధతిని ఏపీఏ అంటారు. దానికి మూలం 1929లో ఒక పత్రికలో వచ్చిన ఏడు పేజీల సూచనలు. వైద్య పత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై కుదుర్చుకున్న పద్ధతికి ఆ ఊరి పేరే వచ్చింది. ఏపీఏలో వాక్యం మధ్యే బ్రాకెట్లలో ఇంటిపేరు, సంవత్సరం కనిపిస్తాయి. సమాచారం ఎంత పాతదో చదువుతుండగానే తెలియాల్సిన శాస్త్రాలకు ఇది అనువు. వాంకూవర్‌లో వాక్యం పక్కన ఒక అంకె ఉంటుంది, చివర పట్టికలో అదే అంకె దగ్గర వివరాలుంటాయి. ఒక్క వాక్యానికి అయిదారు ఆధారాలు చూపే వైద్య వ్యాసాలకు ఇది నప్పుతుంది. సాహిత్య విద్యార్థులు వాడే ఎంఎల్ఏ పద్ధతి సంవత్సరం కంటే పుట సంఖ్యకు పెద్దపీట వేస్తుంది, ఎందుకంటే అక్కడ పాఠకుడు వెతికేది ఫలానా వాక్యం ఏ పుటలో ఉందని. చరిత్రకారులకు షికాగో పద్ధతిలోని పాదసూచికలు ఇష్టం. ఏది మెరుగన్న వాదం అనవసరం. ఒకటి ఎంచుకుని మొదటి పుట నుంచి చివరి పుట దాకా దానికే కట్టుబడి ఉండడం అవసరం.

ఇవన్నీ పరాయి నియమాలు, మన మీద రుద్దినవి అనే వాదన ఉంది. పేర్లు పరాయివే, బుద్ధి మాత్రం మనకు కొత్త కాదు. తెలుగు నేలకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిదేదీ రాయనని ముందే మాట ఇచ్చాడు. ఒక మాటకు అర్థం చెప్పిన వెంటనే అది ఏ నిఘంటువులోదో పేరు చెప్పి ముందుకు సాగాడు. మన ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, కావ్యం ఏది, ఎన్నో ఆశ్వాసం అన్నవి అందులో ఒక స్థిరమైన వరుసలో చెబుతారు. తాటాకుల కట్ట విడిపోయి ఆకులు చెదిరినా, ఆ గద్యను బట్టి అది ఏ గ్రంథంలోదో పోల్చుకోవచ్చు. చదివేవాడికి దారి చూపడం రాసేవాడి బాధ్యత అన్న ఎరుక మన సంప్రదాయంలో బలంగానే ఉంది.

అయితే ఇవి పరాయి నియమాలన్న వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. ఇంటిపేరు చివర ఉంటుందన్న ఊహతో పుట్టిన నియమాన్ని ఇంటిపేరు ముందుండే మన పేర్లకు గుడ్డిగా తగిలిస్తే గందరగోళమే. గురజాడ అప్పారావు ఒక పట్టికలో ‘గు’ కిందా, మరో పట్టికలో ‘అ’ కిందా చేరితే ఇద్దరు రచయితలైపోతారు. తెలుగు పేరును పుస్తకం మీద ఉన్నట్టే ఇంటిపేరుతో మొదలుపెట్టి, అకారాది క్రమంలో పెడితే సరిపోతుంది. శ్రీశ్రీ లాంటి కలంపేర్లను కలంపేరుతోనే ఉంచాలి. ముద్రణ వివరాల దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు. ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలో వచ్చింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఏ ముద్రణ చదివారో చెప్పకుండా ఆ నాటకం మీద ఎంత గొప్ప విశ్లేషణ రాసినా సరిచూసుకోవడం కుదరదు. తెలుగులో వచ్చే సిద్ధాంత గ్రంథాలకు ఇలాంటి విషయాలన్నీ తేల్చిచెప్పే ఉమ్మడి సూచనల పుస్తకం కావాలి. 1997లో ద్రావిడ భాషల అధ్యయనం కోసం కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం లాంటి చోటే ఆ పని మొదలవడం సబబు.

విషయం బాగుంటే చాలదా, కామాలు, చుక్కల కోసం ఈ హింస ఎందుకు అనేది ఇంకో వాదన. పెద్దమండ్యం నుంచో పుంగనూరు నుంచో తెలుగు మీడియంలో చదివి పీజీకి వచ్చిన విద్యార్థి పరంగా ఆలోచిస్తే ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఎడమ మార్జిన్ పావంగుళం తగ్గిందని గ్రంథాన్ని వెనక్కి పంపితే డీటీపీ సెంటర్‌కు మళ్లీ డబ్బు, బైండింగుకు మళ్లీ డబ్బు, పైగా వారం రోజులు వృథా. ఇలాంటివి విద్యార్థి నెత్తిన పెట్టకుండా, మార్జిన్లు, శీర్షికల సైజులు, లైన్ స్పేసింగ్ అన్నీ ముందే అమర్చిన ఫైలు ఒకటి కాలేజీయే ఇవ్వాలి. ఆదా అయిన ఆ సమయాన్ని ఆధారాలు సరిచూడడానికి వాడాలి. ఒక్క విషయంలో మాత్రం టైపింగ్ పద్ధతి మీదా గట్టిగానే ఉండాలి. డీటీపీలో పాత అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, కంప్యూటర్‌లో వెతికితే దొరకదు. దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను అందరికీ అందుబాటులో ఉంచే శోధగంగలోకి అలాంటి గ్రంథం చేరినా, దాని లోపలి మాటలు ఎవరికీ తగలవు. యూనికోడ్‌లో ఉండాలనడం చాదస్తం కాదు, చదివించుకునే హక్కును కాపాడుకోవడం.

జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ క్షణంలో పట్టిక తయారుచేస్తుంటే ఇక నేర్చుకోవడమెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వాడుకోవాల్సిందే. కానీ అది మనం ఇచ్చిన వివరాలనే వరుసలో పెడుతుంది, తప్పు పేరిస్తే తప్పునే అందంగా చూపిస్తుంది. కృత్రిమ మేధతో వచ్చిన ప్రమాదం ఇంకా పెద్దది. పేరు, సంవత్సరం, పుటలు అన్నీ చక్కగా అమరి, అసలు లోకంలో లేని వ్యాసాన్ని అది పుట్టించగలదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో చాట్ జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవిగా ఉదహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అలాగైతే రూపం కుదిరినంత మాత్రాన నిజమని నమ్మలేం కదా అనవచ్చు. నమ్మనక్కర్లేదు. వివరాలన్నీ ఉన్నాయి కాబట్టే ఆ కోర్టులో ప్రత్యర్థి న్యాయవాదులు వెతికి చూడగలిగారు, అబద్ధం బయటపడింది. రూపనియమం నిజాయితీకి హామీ ఇవ్వదు. నిజాయితీ లేకపోతే పట్టుబడే వీలు కల్పిస్తుంది.

రచనాచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల తర్వాత కాలేజీల్లో అందరి దృష్టీ సాఫ్ట్‌వేర్ చూపే పోలికల శాతం మీదే పడింది. పది శాతం లోపు ఉంటే గండం గడిచినట్టే అనుకుంటున్నారు. ఇతరుల మాటను వారిదని చెప్పి వాడుకుంటే అది చౌర్యం కాదన్న తేలిక సంగతి ఈ లెక్కల హడావుడిలో మరుగున పడుతోంది. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో పుటతో సహా చెప్పడం మొదటి ప్రాజెక్టు నుంచే అలవాటైతే, పీహెచ్‌డీ నాటికి శాతాలకు భయపడాల్సిన పని ఉండదు. అందుకు గైడ్లు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. విద్యార్థి ఇచ్చిన పట్టికలోంచి ఏవైనా అయిదు ఆధారాలు తీసి, లైబ్రరీలోనో ఇంటర్నెట్‌లోనో తెరిచి చూపించమనాలి. అయిదూ దొరికి, అందులో విద్యార్థి చెప్పిన మాటే ఉంటే, ఎక్కడో ఒక కామా తప్పినా ఆ గ్రంథాన్ని ముందుకు పంపాలి. ఒక్కటి దొరక్కపోయినా, మార్జిన్లు ఎంత ముచ్చటగా ఉన్నా వెనక్కి ఇవ్వాలి.