కార్డు ఉన్నా కొలువు చేజారొచ్చు!
అమెరికా ఆసుపత్రి ఉద్యోగాలు, వైద్య గంజాయి... దరఖాస్తు పెట్టే ముందే తెలుసుకోవాల్సిన సంగతులు

“అన్నా, నేను గంజాయి తాగలేదన్నా. గమ్మీలు తిన్నా, అంతే.”

తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చిన వాట్సాప్ కాల్ అది. అటువైపు మా ఊరి తమ్ముడు. ఇక్కడ బీఫార్మసీ చేసి, అమెరికాలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్ పూర్తిచేశాడు. ఓ ఆసుపత్రిలో డేటా అనలిస్టుగా ఆఫర్ వచ్చింది. ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ క్లియర్ అయితేనే ఉద్యోగం అని. మనవాడు దాన్ని పట్టించుకోలేదు. సిగరెట్ కూడా ముట్టనివాడికి డ్రగ్ టెస్ట్ అంటే భయమెందుకు? కానీ ప్రాజెక్టు ఒత్తిడిలో నిద్రపట్టక రెండు నెలలుగా రోజూ రాత్రి సీబీడీ గమ్మీలు తింటున్నాడు. అక్కడ అవి మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. యూరిన్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు.

అప్పటికే అతడి ఓపీటీ మొదలైంది. స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో ఉన్నవాళ్లు మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పోయింది ఒక్క ఆఫర్ కాదు, రోజులు కూడా.

అతడి కోసం ఆరా తీస్తుంటే నాకు ఇంకో సంగతి తెలిసింది. తెలియక గమ్మీలు తిన్నవాళ్ల మాట అలా ఉంచండి. అక్కడి ఆసుపత్రుల్లో డాక్టర్ సిఫారసుతో, ప్రభుత్వ కార్డుతో, డ్యూటీ అయ్యాక ఇంట్లో వైద్య గంజాయి వాడే నర్సులు, థెరపిస్టులు, టెక్నీషియన్లదీ ఇదే గండం. రోగుల్ని ఎత్తి దించి వచ్చే నడుంనొప్పి, నైట్ డ్యూటీల వల్ల పోయిన నిద్ర, పాత ప్రమాదం మిగిల్చిన మానసిక గాయం... వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కార్డు పేషెంటుగా వాళ్లకు రక్షణ ఇస్తుంది. ఉద్యోగిగా ఇస్తుందా? అది రాష్ట్రాన్ని బట్టి, చేసే పనిని బట్టి మారిపోతుంది.

ముందే చెప్పినా పోయిన ఉద్యోగం

కనెక్టికట్ రాష్ట్రంలో కేటలిన్ నాఫ్‌సింగర్ అనే థెరపిస్టు కేసు చూడండి. 2012లో జరిగిన కారు ప్రమాదం తర్వాత ఆమెకు పీటీఎస్‌డీ అనే మానసిక సమస్య వచ్చింది. డాక్టర్ల సిఫారసుతో ఆ రాష్ట్ర వైద్య గంజాయి పథకంలో పేరు నమోదు చేసుకున్నారు. గంజాయిలోని టీహెచ్‌సీకి కృత్రిమ రూపమైన మారినాల్ క్యాప్సూల్‌ను రాత్రి పడుకునే ముందు వేసుకునేవారు. ఇదేమీ చాటుమాటు సరుకు కాదు. 1985లోనే అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మందు.

2016లో ఓ నర్సింగ్ హోమ్ ఆమెకు రిక్రియేషనల్ థెరపీ డైరెక్టర్ పోస్టు ఇస్తామంది. టెస్టుకు ముందే ఆమె తన సమస్య గురించి, వాడే మందు గురించి చెప్పేశారు. మెడికల్ రికార్డులు కావాలన్నా ఇస్తానన్నారు. టెస్టులో పాజిటివ్ రాగానే, ఇంకా డ్యూటీలో చేరకముందే ఆఫర్ రద్దు చేశారు. అప్పటికే ఆమె పాత ఉద్యోగం వదిలేశారు.

ఆమె కోర్టుకెళ్లారు. గంజాయి ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం కాబట్టి మేం చేసింది సరైనదేనని యాజమాన్యం వాదించింది. 1988 నాటి డ్రగ్ ఫ్రీ వర్క్‌ప్లేస్ చట్టాన్నీ చూపించింది. కోర్టు ఒప్పుకోలేదు. బయట వైద్యం కోసం వాడే వ్యక్తిని ఉద్యోగంలోకి తీసుకోవద్దని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదంది. 2018లో వివక్ష విషయంలో ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చింది.

ఆమె గెలవడానికి ముఖ్య కారణం, కార్డు ఉన్నవాళ్లపై యజమానులు వివక్ష చూపకూడదని ఆ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉండటం. అదే కొలరాడోలో బ్రాండన్ కోట్స్‌కు అలా జరగలేదు. ఆయనది ఆసుపత్రి ఉద్యోగం కాదు, ఓ టీవీ కంపెనీలో కస్టమర్ సర్వీస్. కాళ్లూ చేతులూ పడిపోయి వీల్‌చెయిర్‌లో ఉండే మనిషి. కండరాలు బిగుసుకుపోయే బాధకు కార్డుతో గంజాయి వాడేవారు, అదీ ఇంట్లోనే. 2010లో టెస్టులో దొరికి ఉద్యోగం పోయింది. ఫెడరల్ చట్టం ప్రకారం కూడా చెల్లితేనే అది ‘చట్టబద్ధమైన పని’ అవుతుందని 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరికీ కార్డుంది, ఇద్దరూ డ్యూటీలో వాడలేదు. రాష్ట్రం మారింది, ఫలితం మారింది.

టైమ్‌స్టాంప్ లేని రిపోర్టు

నేను కొన్నాళ్లు హెల్త్‌కేర్ ఐటీ ప్రాజెక్టులో పనిచేశాను. ల్యాబ్ ఫలితాలు ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌లోకి చేరే ఇంటర్‌ఫేస్ మా టీమ్‌ది. డ్రగ్ టెస్ట్ ఫలితం వచ్చే చోట ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అని ఉంటుంది. ఎప్పుడు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నదానికి కాలమ్ ఉండదు. అప్పట్లో నాకది మామూలు డేటా ఫీల్డే. తమ్ముడి కాల్ వచ్చాకే దాని బరువు తెలిసింది.

ఇక్కడ కొంచెం సైన్స్ తెలియాలి. గంజాయిలో మత్తునిచ్చేది టీహెచ్‌సీ. యూరిన్ టెస్ట్ వెతికేది దాన్ని కాదు, అది శరీరంలో విడిపోయాక మిగిలే మత్తులేని పదార్థాన్ని. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి ఆ ఆనవాళ్లు నెమ్మదిగా బయటికొస్తాయి. ఎప్పుడో ఒకసారి వాడినవాళ్లలో కొన్ని రోజులు, రోజూ వాడేవాళ్లలో నెల వరకూ, ఒక్కోసారి అంతకుమించి కూడా కనిపిస్తాయి. అంటే పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ మనిషి డ్యూటీలో మత్తులో ఉన్నట్టు కాదు. టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైల్ చూసి సర్వర్ ఎప్పుడు క్రాష్ అయిందో చెప్పమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

ఫెడరల్ మార్గదర్శకాల ప్రకారం మొదటి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, నిర్ధారణ పరీక్షలో 15 నానోగ్రాములు హద్దు. దాటితే ఎంఆర్‌వో అనే డాక్టర్ ఫోన్ చేసి, చెల్లే ప్రిస్క్రిప్షన్ ఏమైనా ఉందా అని అడుగుతారు. అసలు మెలిక ఇక్కడే. గంజాయికి డాక్టర్లు ప్రిస్క్రిప్షన్ రాయరు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి సిఫారసు మాత్రమే చేస్తారు. నడుంనొప్పికి నల్లమందు జాతి మాత్ర వాడే నర్సు చేతిలో ప్రిస్క్రిప్షన్ ఉంటుంది, కాబట్టి సాధారణంగా గట్టెక్కుతుంది. అదే నొప్పికి గంజాయి వాడే నర్సు చేతిలో కార్డే ఉంటుంది. చాలాచోట్ల ఆ కార్డును ఎంఆర్‌వో లెక్కలోకి తీసుకోరు.

ఇక సీబీడీ. ఇది మత్తివ్వదు, నిజమే. డబ్బాలో నిజంగా సీబీడీ ఒక్కటే ఉందా అన్నదే ప్రశ్న. 2017లో జామా పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 18 వాటిలో టీహెచ్‌సీ బయటపడింది. లేబుల్ మీద రాసినంత సీబీడీ సరిగ్గా ఉన్నవి మూడోవంతు కూడా లేవు. మా తమ్ముడు తిన్న గమ్మీల కథ కూడా ఇలాంటిదే అయ్యుండాలి.

ఆసుపత్రులకే ఎందుకింత పట్టింపు?

1996లో కాలిఫోర్నియా మొదలుపెట్టాక ఇప్పుడు ఎక్కువ రాష్ట్రాల్లో వైద్య గంజాయికి అనుమతి ఉంది. ఫెడరల్ స్థాయిలో మాత్రం 1970 నాటి చట్టం దాన్ని హెరాయిన్‌తో కలిపి షెడ్యూల్ 1లో పెట్టింది. షెడ్యూల్ 3కి మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చింది. షెడ్యూల్ మారినంత మాత్రాన ఆసుపత్రుల డ్రగ్ టెస్టులు వాటంతట అవే ఆగిపోవు.

ఉద్యోగుల్ని కాపాడే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో వచ్చాయి. కానీ చిన్న అక్షరాలు చదవాలి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు గంజాయి పాజిటివ్ అని తిరస్కరించకూడదని 2020 నుంచి నెవాడాలో నిబంధన ఉంది. అందులోంచి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లను మినహాయించారు. మినెసోటా 2023లో చాలా ఉద్యోగాలకు గంజాయి టెస్టులు తీసేసింది. అయితే రోగులకు ఎదురుగా ఉండి సేవలందించే పోస్టుల్ని ఆ వెసులుబాటులో చేర్చలేదు. ఒకే ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునేవాళ్లకు ఒక రూలు, వార్డులో సెలైన్ పెట్టేవాళ్లకు ఇంకో రూలు అన్నమాట. మాజీ సైనికుల ఆసుపత్రుల వంటి ఫెడరల్ సంస్థల్లో అయితే ఏ రాష్ట్రపు కార్డూ చెల్లదు. డ్రగ్స్ వాడకూడదన్న నిబంధన అక్కడ 1986 నుంచీ ఉంది.

ఇందులో ఆసుపత్రుల వాదనను కొట్టిపారేయలేం. మందు డోసు ఒక్క చుక్క తేడా వచ్చినా ప్రాణం మీదికొస్తుంది. మత్తులో ఉన్న చేతికి సిరంజి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కాకపోతే వాళ్లు వాడే పరీక్ష ఆ మత్తును పట్టుకోలేదు. ఎన్‌క్లెక్స్ పరీక్ష నిర్వహించే ఎన్‌సీఎస్‌బీఎన్ సంస్థ, గంజాయి వాడే రోగుల్ని చూసుకునేటప్పుడు నర్సులు ఏం తెలుసుకోవాలో 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోగికి దాని గురించి వివరించగలిగిన నర్సే, తను వాడితే లైసెన్సు కోసం బోర్డు ముందు నిలబడాల్సి రావొచ్చు.

పాస్‌పోర్టు మనదైతే...

అమెరికన్‌కు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటారు. మనకు ఇమిగ్రేషన్ అనే మూడో గేటు ఉంది. అది పూర్తిగా ఫెడరల్ వ్యవహారం. రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయి వాడకం, ఆ పరిశ్రమలో ఉద్యోగం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డుపడొచ్చని యూఎస్‌సీఐఎస్ 2019లో స్పష్టంచేసింది. గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో కూడా మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారు. ‘ఇక్కడ లీగలే కదా’ అన్న రూమ్మేట్ మాట ఆ కౌంటర్ దగ్గర పనిచేయదు.

మన ఇళ్లలో గంజాయి అంటే పోలీసు కేసులే గుర్తొస్తాయి. అందుకే ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఆ మౌనం వల్లే పిల్లలకు గమ్మీ డబ్బా మీది ఆకు బొమ్మకు అర్థం తెలియడం లేదు.

ఇవి గుర్తుంచుకోండి

* ఆఫర్ లెటర్ చివరి పేజీ వరకూ చదవండి. డ్రగ్ టెస్ట్ షరతు ఉందా, ఎప్పుడు చేస్తారు, ఆసుపత్రి పాలసీ ఏంటి అనేది హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి.
* టెస్ట్ క్లియర్ అయ్యేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు.
* ఉద్యోగాల వేట మొదలుపెట్టే ముందే సీబీడీ, హెంప్ పేరున్న గమ్మీలు, నూనెలు, టీలు పక్కన పెట్టేయండి. ఇక్కడ ‘విజయ’ పేరుతో అమ్మే ఆయుర్వేద ఉత్పత్తులు కూడా ఆ మొక్కవే. బ్యాగులో పెట్టుకుని వెళ్లొద్దు.
* డాక్టర్ సలహాతో ఏదైనా వాడుతుంటే సొంతంగా ఆపేయకండి. ఉద్యోగం సంగతి డాక్టర్‌కు చెప్పి, వేరే చికిత్స ఉందేమో అడగండి. ప్రిస్క్రిప్షన్లన్నీ భద్రంగా ఉంచుకోండి.
* ఎంఆర్‌వో ఫోన్ కాల్ వదిలేయకండి. మీ మాట చెప్పుకోవడానికి ఉన్న అవకాశం అదే.
* ‘డిటాక్స్’ డ్రింకులు, వేరేవాళ్ల నమూనా ఇవ్వడం లాంటి పనులు చేయొద్దు. టెస్టును మోసం చేయడం కొన్ని రాష్ట్రాల్లో నేరం.
* ఇమిగ్రేషన్ ఫారంలో అబద్ధం రాయొద్దు. తోచింది కూడా రాయొద్దు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు దారి చూపిస్తుంది.

మా తమ్ముడు గమ్మీలు మానేశాడు. నిద్రకోసం క్యాంపస్ డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. డెబ్బై రెండో రోజున ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాడు. అక్కడా టెస్ట్ పెట్టారు, ఈసారి నెగెటివ్. చేరేముందు నాకు ఆఫర్ లెటర్ ఫొటో పంపాడు. మొదటి పేజీలో జీతం ఎంతో ఉంటుంది కదా, ఆ పేజీ కాదు. చివరి పేజీ. డ్రగ్ టెస్ట్ వాక్యం కింద పసుపు హైలైటర్ గీత ఉంది.